అండమాన్ యువతకు పని అనుభవం, స్వచ్ఛంద సేవ: అవకాశాలు, నిబంధనలు, హద్దులు

అండమాన్ నికోబార్ దీవుల్లో చదువు ముగించిన యువతీయువకులకు తొలి ఉద్యోగ ప్రకటనలోనే ఒక వాక్యం ఎదురవుతుంది: 'అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం'. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం దొరకదు. ఈ చిక్కు దేశమంతటా ఉన్నదే. అయితే దీవుల్లో దీనికి దూరం కూడా తోడవుతుంది. విశాఖపట్నం నుంచి ఓడ ఎక్కితే రాజధాని శ్రీ విజయపురం చేరడానికి రెండు రోజులకు పైగా పడుతుంది. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన ఈ పట్టణానికీ, ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌కూ మధ్య రోడ్డు దూరమే మూడు వందల కిలోమీటర్లకు పైమాట. దక్షిణాన గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు చేరాలంటే మళ్లీ ఓడ ప్రయాణమే. పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాలు గానీ, కర్మాగారాల వరుసలు గానీ ఇక్కడ లేవు. ప్రభుత్వ కొలువు, పర్యాటకం, చేపల వేట, చిన్న వ్యాపారం, వ్యవసాయం మాత్రమే ఇక్కడి ప్రధాన జీవనాధారాలు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకు, నిర్మాణ పనులకు, నౌకాశ్రయ పనులకు వెళ్లి స్థిరపడిన కుటుంబాల రెండో తరం, మూడో తరం పిల్లలు నేడు అక్కడి కళాశాలల్లో ఉన్నారు. మరికొందరు చదువు కోసం విశాఖకు, చెన్నైకి వస్తున్నారు. ఈ వ్యాసం ప్రధానంగా వారిని దృష్టిలో ఉంచుకొని రాసినది. అయితే ఇందులోని నిబంధనల్లో చాలా భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యార్థులకూ వర్తిస్తాయి.

'పని అనుభవం' అన్న మాట ఎక్కడిది?

చదువులో చేతిపని ఒక భాగం కావాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం సారాంశం అదే. స్వాతంత్ర్యానంతరం కొఠారీ కమిషన్ (1964-66) 'కార్యానుభవం' అన్న పేరుతో దానిని పాఠశాల విద్యలో అంతర్భాగం చేయాలని సిఫారసు చేసింది. సమాజ సేవను కూడా దానితో జోడించింది. 1977లో ఈశ్వరభాయి పటేల్ కమిటీ 'సామాజికోపయోగ ఉత్పాదక కార్యం' అన్న పొడవాటి పేరు పెట్టింది. ఆ పేరు టైంటేబుల్లో ఒక పీరియడుగా చాలా కాలం నిలిచింది గాని, ఆ పీరియడులో నిజంగా పని చేయించిన పాఠశాలలు తక్కువేనని ఒప్పుకోక తప్పదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల వారికి పది రోజుల పాటు పుస్తకాల సంచీ లేకుండా స్థానిక వృత్తికారుల వద్ద నేర్చుకునే ఏర్పాటు సూచించింది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారు అందులో గురువులు. దీవుల్లోనైతే ఆ జాబితాలో పడవలు కట్టేవారు, వల అల్లేవారు చేరాలి.

సేవ విషయంలో మరో చర్చ నడిచింది. విద్యార్థులకు జాతీయ సేవను నిర్బంధం చేయాలా, స్వచ్ఛందంగా ఉంచాలా అన్నదే ఆ చర్చ. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ నిర్బంధ సేవ వైపు మొగ్గింది. వివిధ దేశాల అనుభవాన్ని పరిశీలించిన కె.జి. సయ్యిదైన్ మాత్రం అది స్వచ్ఛందంగానే ఉండాలని సూచించారు. చివరికి సయ్యిదైన్ మాటే నెగ్గింది. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, నాటి కేంద్ర విద్యాశాఖ మంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని (ఎన్ఎస్ఎస్) ప్రారంభించారు. 'నా కోసం కాదు, మీ కోసం' అన్న భావం దాని నినాదం.

2004 డిసెంబరు 26: సేవకు పరీక్ష

స్వచ్ఛంద సేవ గురించి దీవుల్లో ఎవరితో మాట్లాడినా మాట చివరకు సునామీ దగ్గరకు వెళ్తుంది. ఆ రోజు ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా తీరం దగ్గర భూమి కంపించింది. కొద్ది నిమిషాల్లోనే నికోబార్ దీవులను అలలు ముంచెత్తాయి. అధికారిక లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో మృతులు, గల్లంతైనవారు కలిపి సుమారు 3,500 మంది. జెట్టీలు విరిగాయి, టెలిఫోన్లు మూగబోయాయి. కార్ నికోబార్‌లో ఏం జరిగిందో, ఎవరు బతికి ఉన్నారో రాజధానికి తెలియని స్థితి.

ఆ సమయంలో పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హామ్ రేడియో బృందం ఉంది. హైదరాబాద్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పాటు చేసిన యాత్రలో భాగంగా వారు అక్కడికి వెళ్లారు. అండమాన్ నుంచి హామ్ ప్రసారాలకు దాదాపు పదిహేడేళ్ల తర్వాత లభించిన అనుమతి అది. బృందానికి నాయకత్వం వహించిన భారతీ ప్రసాద్ ఆ రోజు వరకు ప్రపంచం నలుమూలల ఉన్న ఔత్సాహికులతో పలకరింపులు జరుపుతూ ఉన్నారు. భూమి కంపించిన తర్వాత అదే యంత్రం అత్యవసర సేవా కేంద్రమైంది. మిగతా మార్గాలన్నీ తెగిపోయిన వేళ దీవుల నుంచి ప్రధాన భూభాగానికి కబురు అందించిన కొద్ది గొంతుల్లో అది ఒకటి. తర్వాత కార్ నికోబార్‌లోనూ హామ్ కేంద్రం నెలకొల్పారు. 'మావాడు క్షేమమేనా' అన్న ప్రశ్నకు 'క్షేమమే' అన్న జవాబు చేరవేయడమే వారి పనిలో పెద్ద భాగం. ఆ ఒక్క మాట కోసం విశాఖలో, చెన్నైలో, కోల్‌కతాలో కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి.

వీరెవరూ జీతానికి వెళ్లినవారు కారు. కానీ వారి దగ్గర ఒక నైపుణ్యం ఉంది, దానికి లైసెన్సు ఉంది, చేతిలో పనిచేసే యంత్రం ఉంది. కష్టకాలంలో ఈ మూడూ ముందే సిద్ధంగా ఉన్నాయి. 2006 ఏప్రిల్లో మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లోనే దేశవిదేశాల హామ్‌లు సమావేశం కావడం ఆ సేవకు దక్కిన గౌరవంగా చెప్పుకోవాలి.

మరో సంఘటన తెరెస్సా ద్వీపానిది. ఓడరేవులో పనిచేసే ఒక ఉద్యోగి ఎప్పుడో టెలివిజన్‌లో సునామీలపై డాక్యుమెంటరీ చూశారు. భూకంపం రాగానే అది గుర్తుకు వచ్చి, ఊళ్లకు మనుషులను పంపి ప్రజలను కొండ ఎక్కించారు. వందలాది ప్రాణాలు దక్కాయి. లిటిల్ అండమాన్‌లోని ఓంగే ప్రజలు ఏ డాక్యుమెంటరీ చూడకుండానే, సముద్రం తీరు గమనించి ఎత్తైన చోటికి వెళ్లిపోయారు. సముద్రాన్ని చదవడం వారికి తరతరాల విద్య.

సహాయం అందించే ఆరాటంలో జరిగిన పొరపాట్లూ ఇక్కడే చెప్పుకోవాలి. ఏడాది పొడవునా ఉక్కపోసే నికోబార్‌కు ఉన్ని దుస్తులు, మందపాటి దుప్పట్లు వెళ్లాయి. నికోబారీలు 'తుహెత్' అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థలో జీవిస్తారు. భూమి, తోట, పందులు అన్నీ తుహెత్ ఉమ్మడి ఆస్తి. పరిహారం, ఇళ్ల కేటాయింపు మాత్రం భార్యాభర్తలు, పిల్లలు అన్న లెక్కన జరగడంతో ఆ వ్యవస్థకు బీటలు పడ్డాయని పరిశోధకులు రాశారు. సేవకు బయలుదేరే యువకుడు మొదట తెలుసుకోవలసింది అక్కడి మనుషులు ఎలా బతుకుతారన్నదే. దురదృష్టవశాత్తూ శిక్షణ తరగతుల్లో ఈ పాఠానికి చోటు తక్కువ.

హెచ్చరిక హైదరాబాద్‌ది, ఆఖరి కిలోమీటరు వాలంటీరుది

సునామీ తర్వాత 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ప్రాంగణంలో భారత సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం ప్రారంభమైంది. హిందూ మహాసముద్రంలో పెద్ద భూకంపం వస్తే దాదాపు పది నిమిషాల్లోనే తొలి సమాచారం వెలువడుతుంది. చెన్నైకైనా విశాఖకైనా అలలు చేరడానికి రెండు గంటలకు పైగా వ్యవధి ఉండవచ్చు. నికోబార్‌కు ఆ వెసులుబాటు లేదు. భూకంప కేంద్రం పక్కనే ఉన్న దీవులకు అలలు చేరే సమయమూ, హెచ్చరిక చేరే సమయమూ దాదాపు ఒకటే. అందువల్ల ఊళ్లో ఎవరో ఒకరు వెంటనే స్పందించాలి, ఏ దారిలో కొండ ఎక్కాలో తెలిసి ఉండాలి, వృద్ధులు ఎవరింట్లో ఉన్నారో గుర్తుండాలి.

ఈ అవసరాన్ని ఉద్దేశించినదే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'ఆపద మిత్ర' పథకం. 2016లో 30 జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చే స్థాయికి విస్తరించింది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య వయసు, ఏడో తరగతి చదువు దీనికి కనీస అర్హతలు. పన్నెండు రోజుల శిక్షణలో ప్రథమ చికిత్స, వరద నుంచి రక్షించడం, తాళ్లతో ముడులు వేయడం, మంటలు ఆర్పడం నేర్పుతారు. ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, స్కౌట్స్ అండ్ గైడ్స్ సభ్యుల కోసం 'యువ ఆపద మిత్ర' పేరుతో మరో పథకం ఆ తర్వాత వచ్చింది. దీవుల యువతకు ఇంతకన్నా దగ్గరి పని అనుభవం మరొకటి ఉండదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. అగ్నిమాపక, తీర రక్షణ, నౌకా సేవలు, ఆసుపత్రి సహాయక ఉద్యోగాలు కోరేవారికి ఈ నైపుణ్యాలు నేరుగా పనికివస్తాయి.

హామ్ రేడియోపై ఆసక్తి కలిగితే దానికి దారి కష్టమైనది కాదు. కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ ఆధీనంలోని వైర్‌లెస్ విభాగం నిర్వహించే పరీక్ష రాసి ధ్రువపత్రం పొందాలి. కనీస వయసు 12 ఏళ్లు. రిస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు తరగతులున్నాయి. మొదటిదానికి మోర్స్ సంకేతాలు రానవసరం లేదు, ప్రాథమిక విద్యుత్ శాస్త్రం, నిబంధనలు తెలిస్తే చాలు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం మాత్రం నేరం.

కళాశాలలో ఉండగా: ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ, మేరా యువ భారత్

శ్రీ విజయపురంలోని జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967 నుంచి నడుస్తున్న పాత కళాశాల. మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల, రాజధానిలోనే బి.ఆర్. అంబేద్కర్ సాంకేతిక సంస్థ, టాగోర్ ప్రభుత్వ విద్యా కళాశాల ఉన్నాయి. ఇక్కడి ఉన్నత విద్యకు పుదుచ్చేరి విశ్వవిద్యాలయంతో చిరకాల అనుబంధం ఉంది. ఆ విశ్వవిద్యాలయ సముద్ర అధ్యయన, సాగర జీవశాస్త్ర విభాగం కూడా ఇక్కడే ఉంది.

ఎన్ఎస్ఎస్ వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత తీసుకున్న గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. ఈ రెండూ పూర్తయితేనే పూర్తి ధ్రువపత్రం. ఎన్‌సీసీ 1948లో మొదలైంది. దాని 'సి' సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులకు సైన్యంలో ప్రత్యేక ప్రవేశం ద్వారా రాతపరీక్ష లేకుండా నేరుగా ఎంపిక బోర్డు ముందుకు వెళ్లే వీలుంది. త్రివిధ దళాల ఉమ్మడి కమాండ్ ఉన్న దీవుల్లో ఈ దారికి ఆకర్షణ సహజం.

చదువు మధ్యలో ఆపేసినవారి కోసం 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. 2023 అక్టోబరు 31న కేంద్రం 'మేరా యువ భారత్' అనే స్వయంప్రతిపత్తి సంస్థను నెలకొల్పింది. 15 నుంచి 29 ఏళ్ల వారు దాని పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని సేవా కార్యక్రమాలను, క్షేత్రస్థాయి పని అనుభవ అవకాశాలను వెతుక్కోవచ్చు. ఇక్కడ 2020 ఆగస్టు 10ని గుర్తు చేసుకోవాలి. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఆ రోజు ప్రారంభమైంది. అంతకు ముందు ఉపగ్రహ అనుసంధానంపై ఆధారపడిన ఇంటర్నెట్‌తో ఒక దరఖాస్తు నింపడానికే ఓపిక నశించేది. కేబుల్ కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ వరకు వెళ్లింది. ఇంట్లో కూర్చొని అనువాదం, డేటా, డిజైన్ వంటి పనుల్లో దూరస్థ ఇంటర్న్‌షిప్ చేయడం దీనితోనే సాధ్యమైంది.

విశాఖలోనో విజయవాడలోనో డిగ్రీ చదివే దీవుల విద్యార్థులకు ఒక సూచన. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ఏర్పాటు ఉంది. మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, ఆపై ఒక సెమిస్టరు మొత్తం క్షేత్ర శిక్షణ. మొదటిదాన్ని సొంత ఊళ్లో చేయవచ్చా అని కళాశాలలో ముందుగా అడిగి తెలుసుకుంటే, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడే అది పూర్తవుతుంది. అయితే మే మూడో వారానికల్లా నైరుతి రుతుపవనాలు అండమాన్ సముద్రాన్ని పలకరిస్తాయి. అప్పుడు ఓడల రాకపోకలు తారుమారు కావచ్చు. తిరుగు ప్రయాణానికి వారం రోజులు అదనంగా పెట్టుకోవడం మంచిది.

తాబేళ్లు, పగడాలు, పరాయి సీసాలు

దీవులకే ప్రత్యేకమైన పని ఒకటుంది. ఆలివ్ రిడ్లీ, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అనే నాలుగు జాతుల సముద్ర తాబేళ్లు ఇక్కడి తీరాల్లో గుడ్లు పెడతాయి. డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్, రామ్‌నగర్, మాయాబందర్ దగ్గరి కర్మాటాంగ్, రంగత్ దగ్గరి కత్‌బర్ట్ బే తీరాలు ఇందుకు ప్రసిద్ధం. అటవీ శాఖ ఇక్కడ గుడ్ల సంరక్షణ కేంద్రాలు నడుపుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు ముఖ్యమైన కాలం.

పని రాత్రిపూట. టార్చి వెలుగు తాబేలు కంట పడకుండా, ఇసుకలో దాని అడుగుజాడ వెడల్పు కొలిచి జాతి గుర్తిస్తారు. కుక్కలు, ఉడుములు తవ్వే చోట గుడ్లుంటే కొద్ది గంటల్లోనే, అటూ ఇటూ తిప్పకుండా తీసుకెళ్లి సంరక్షణ కేంద్రంలో అదే లోతున పూడుస్తారు. ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదో మగదో తేలుతుంది కనుక ఉష్ణోగ్రత రోజూ రాసుకోవాలి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వాటిని లెక్కపెట్టి సముద్రంలోకి వదులుతారు. రెండు నెలలు ఈ పని చేసిన విద్యార్థికి ఓర్పు, కొలత, నమోదు అలవడతాయి. ఈ తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి గనుక ఒంటరిగా, సిబ్బంది అనుమతి లేకుండా వెళ్లరాదు. ఈ కాలం కళాశాల సెలవులతో సరిపోలదు. పరిష్కారం కోసం కళాశాలలూ అటవీ శాఖా ముందే మాట్లాడుకోవాలి తప్ప విద్యార్థి ఒక్కడే చేయగలిగింది లేదు.

ఉత్తర వండూర్‌లో 1990లో మొదలైన అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ అనే పరిశోధన కేంద్రం పర్యావరణ విద్యార్థులకు బాగా తెలిసిన చోటు. లిటిల్ అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్లను ఏళ్ల తరబడి గమనిస్తున్న బృందాలకు అది ఆధారం. ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక తాబేలు అక్కడి నుంచి దాదాపు 13,000 కిలోమీటర్లు ఈది ఆఫ్రికాలోని మొజాంబిక్ తీరం దాకా వెళ్లింది. వ్యవసాయం, పశుపోషణ, మత్స్య శాస్త్రాలు చదివేవారికి గరాచర్మాలోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ (స్థాపన 1978), వృక్ష, జంతు, మానవ శాస్త్ర సర్వేక్షణల ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. వీటికి ఫలానా రోజున ఇంటర్న్‌షిప్ ప్రకటన వెలువడాలని లేదు. కళాశాల ప్రిన్సిపల్ లేఖతో, ఏం నేర్చుకోదలచారో ఒక పేజీలో రాసి, రెండు మూడు నెలల ముందు అడగడమే మార్గం.

తీరాల శుభ్రత కార్యక్రమాలు మరింత సులభంగా దొరికే సేవ. ఎన్‌సీసీ 2021 డిసెంబరులో 'పునీత్ సాగర్' పేరుతో దేశవ్యాప్తంగా తీరాల శుభ్రత మొదలుపెట్టింది. ఫొటో దిగి, చెత్తను సంచుల్లో నింపి వెళ్లిపోవడంతో ఇది ముగిస్తే ఫలితం సగమే. గ్రేట్ నికోబార్ తీరాల్లో దొరికిన సీసాలపై ముద్రలను పరిశీలించిన ఒక అధ్యయనం అవి పది దేశాలకు చెందినవని, వాటిలో దాదాపు నలభై శాతం మలేషియావని తేల్చింది. ఏ సీసా ఏ దేశానిది, ఏది స్థానిక చెత్త, ఏది సముద్రం తెచ్చినది అని వాలంటీర్లు రాసుకుంటేనే ఇలాంటి సంగతి బయటపడుతుంది. అదే పనికి విలువ పెంచేది. పగడాలు, కొన్ని రకాల గవ్వలు, శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో ఉన్నాయి. శుభ్రత పేరుతో వాటిని ఏరి సంచీలో వేసుకుంటే చట్టం వదలదు.

స్టైపెండ్ ఇచ్చే దారులు

ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ పూర్తి చేసినవారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రధానమైన దారి. 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2019 సవరణ ప్రకారం విద్యార్హతను బట్టి కనీస నెలసరి స్టైపెండ్ 5,000 నుంచి 9,000 రూపాయల వరకు ఉంది. దరఖాస్తు చేసే నాటికి అమలులో ఉన్న మొత్తాన్ని పోర్టల్‌లో సరిచూసుకోవాలి. అప్రెంటిస్ ఉద్యోగి కాడు, శిక్షణ తర్వాత ఉద్యోగం ఇస్తామన్న హామీ చట్టంలో లేదు. డాలీగంజ్‌లో ప్రభుత్వ ఐటీఐ ఉంది. నౌకల మరమ్మతు, డీజిల్ ఇంజను, వెల్డింగ్, విద్యుత్ పనులు దీవుల్లో ఎప్పుడూ అవసరమే. సముద్రం దాటి వెళ్లగలిగినవారికి విశాఖలోని నౌకాదళ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ పేరున్న శిక్షణాలయం.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పెద్ద కంపెనీల్లో ఏడాది శిక్షణ, నెలకు 5,000 రూపాయలు, ఒకసారి 6,000 రూపాయలు ఇచ్చేది. ప్రారంభ నిబంధనల ప్రకారం వయసు 21 నుంచి 24, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండాలి. కుటుంబంలో శాశ్వత ప్రభుత్వోద్యోగి ఉండరాదు. ఈ చివరి షరతు దీవులకు ఇబ్బందికరం. ప్రభుత్వమే అతి పెద్ద యజమాని అయిన చోట తండ్రి చిన్న గుమాస్తా అయినా బిడ్డ అనర్హుడవుతాడు. పైగా శిక్షణ స్థలం ప్రధాన భూభాగంలో ఉంటే 5,000 రూపాయలు ఇంటి అద్దెకే చాలవు. పథకం మంచిదే, కానీ దూరపు దీవులకు ప్రయాణ, వసతి భత్యం విడిగా ఆలోచించాలి.

పర్యాటకంలో అవకాశాలు ఎక్కువ, జాగ్రత్తలూ ఎక్కువే. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హ్యావ్‌లాక్‌లో, షహీద్ ద్వీప్‌గా మారిన నీల్‌లో స్కూబా డైవింగ్ కేంద్రాలు యువతను శిక్షణకు తీసుకుంటాయి. డైవ్‌మాస్టర్ స్థాయికి 18 ఏళ్లు నిండాలి. ఈ రంగంలో 'ఇంటర్న్‌షిప్' అన్న మాటకు కొన్ని చోట్ల అర్థమే వేరు. అభ్యర్థి రుసుము చెల్లించి, శిక్షణకు బదులుగా నెలల తరబడి ఆక్సిజన్ సిలిండర్లు కాదు, గాలి నింపిన బరువైన సిలిండర్లు మోస్తూ (వీటిని అందరూ పొరపాటున ఆక్సిజన్ సిలిండర్లనే అంటారు) జీతం లేకుండా పనిచేయడమని అర్థం. రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని సెలవులు, చివరికి ఏ ధ్రువపత్రం, ప్రమాద బీమా ఎవరిది అన్న నాలుగు విషయాలు కాగితం మీద ఉండేలా చూసుకోవాలి. రాసివ్వని చోటికి వెళ్లకపోవడమే మేలు.

చట్టం మరో రక్షణ కూడా ఇచ్చింది. పని స్థలంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) అప్రెంటిస్‌లకు, శిక్షణార్థులకు, జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారికి కూడా వర్తిస్తుంది. ఇంటర్న్ అయినందున ఫిర్యాదు చేయడానికి వీల్లేదని ఎవరైనా చెబితే అది అబద్ధం. 14 ఏళ్లలోపు పిల్లలను 'అనుభవం' పేరుతో పనిలో పెట్టుకోవడం, 18 లోపు వారిని ప్రమాదకర పనుల్లో పెట్టడం బాలకార్మిక చట్టం ప్రకారం నిషిద్ధం.

అడుగు పెట్టకూడని చోట్లు

సేవాభావానికి హద్దు ఉంటుందా అని అడిగేవారికి దీవులు స్పష్టమైన జవాబు ఇస్తాయి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం జారవా, సెంటినెలీ, ఓంగే, షోంపెన్ ప్రజల ప్రాంతాలు రక్షిత ప్రదేశాలు. చదువు చెప్పడానికైనా, మందులు ఇవ్వడానికైనా, బట్టలు పంచడానికైనా సొంతంగా వెళ్లడం నేరం. బయటివారి మామూలు జలుబు కూడా వారికి ప్రాణాంతకం కావచ్చు. 2018 నవంబరులో ఉత్తర సెంటినెల్ ద్వీపానికి రహస్యంగా వెళ్లిన ఒక అమెరికన్ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అతడిని తీసుకెళ్లిన మత్స్యకారులు అరెస్టయ్యారు. డబ్బుకు ఆశపడి పడవ నడిపినవారి కుటుంబాల గతి ఏమిటన్నది వార్తల్లో ఎక్కువ రోజులు నిలవలేదు. నికోబార్ జిల్లాలోని గిరిజన ప్రాంతాలకు వెళ్లడానికీ ముందస్తు అనుమతి పత్రం కావాలి. అక్కడ సేవ చేయదలచినవారు పరిపాలనా యంత్రాంగం ద్వారా, గ్రామ కెప్టెన్ల సమ్మతితో వెళ్లాలి.

ధ్రువపత్రంలో ఏముండాలి

వార్తా విభాగాలకు వచ్చే దరఖాస్తులు చూసేవారికి ఒక సంగతి అనుభవమే. 'చురుకుగా పాల్గొన్నారు' అన్న వాక్యంతో ముగిసే ధ్రువపత్రాలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఆ అభ్యర్థి ఏం చేశాడో వాటిలో ఉండదు. అందుచేత తేదీలు, మొత్తం గంటలు, చేసిన పని, పర్యవేక్షించిన అధికారి హోదా పత్రంలో రాయించుకోవాలి. రోజువారీ నోటు పుస్తకం ఒకటి పెట్టుకోవాలి. 'కాలీపూర్‌లో 22 రాత్రులు పహారా, 9 గూళ్లు గుర్తింపు, ఉష్ణోగ్రత నమోదు' వంటి వాక్యం ఇంటర్వ్యూలో అరగంట సంభాషణకు ఆధారమవుతుంది.

భాష కూడా అనుభవమే. బెంగాలీ, తమిళం, తెలుగు, నికోబారీ, మలయాళం మాట్లాడేవారు ఒకే శిబిరంలో హిందీని వారధి చేసుకొని కలిసి పనిచేసే దృశ్యం ఈ దీవుల్లో నిత్యకృత్యం. తెలుగు ఇంటి పిల్లలు మూడు నాలుగు భాషల్లో మాట్లాడగలిగీ దరఖాస్తులో ఆ సంగతి రాయరు. విపత్తు కేంద్రానికీ, ఆసుపత్రికీ, పర్యాటక సంస్థకూ, రేడియోకూ కూడా అది కావలసిన అర్హతే. 1969లో ఢిల్లీలో మొదలైన 'యువవాణి' కార్యక్రమం ఎందరో యువతకు తొలిసారి మైకు ముందు నిలబడే అవకాశం ఇచ్చింది. మాతృభాషలో స్పష్టంగా చదవగలిగేవారు దగ్గరలోని ఆకాశవాణి కేంద్రంలో ప్రాంతీయ భాషా కార్యక్రమాలకు, తాత్కాలిక అనౌన్సర్ల ఎంపికకు ప్రకటనలు ఎప్పుడు వెలువడతాయో విచారించవచ్చు. ఎంపికలో రాతపరీక్ష, స్వర పరీక్ష ఉంటాయి. తెలుగులో ఒత్తులు, 'శ, ష, స'ల తేడా సరిగా పలకనివారు సాధారణంగా స్వర పరీక్షలోనే ఆగిపోతారు.